బెల్టు కంటికి పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో, యంత్రాల గురించి అంత అజ్ఞానం ఉండేది. నమ్మకం ఇప్పటికీ వీసమెత్తు తగ్గలేదు. అజ్ఞానంలో మాత్రం సగభాగం ఒకే ఒక్క పొద్దుటిపూట, శంషాబాదులో ఒక సరుకుల గోదాములో, నలుగురి ఎదుట కరిగిపోయింది. మనిషికి మేలు చేసిన వస్తువుల మాట వస్తే అందరూ చక్రం అంటారు, నిప్పు అంటారు, కరెంటు అంటారు, కాస్త చదువుకున్నవాళ్లయితే అచ్చుయంత్రం అంటారు. మా సత్సంగంలో ఎవరైనా నన్నడిగితే నేను గోలీకాయంత గుండ్రటి అద్దం ముక్క అని చెబుతాను. విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వదగిన కథే మరి, నేనే ఒప్పుకుంటాను.

మాది తొండుపల్లి పక్కన వ్యవసాయం చేసుకుని బతికిన ఇల్లు. విమానాశ్రయం వచ్చాక చెలకలు తగ్గాయి గానీ భజన తగ్గలేదు. మా బాపు ఊరి భజన మండలికి పెద్ద. ప్రతి ఏకాదశికీ పురాణం చెబుతాడు, తాళాలు వేస్తాడు, రాగం తప్పినవాడిని కంటిచూపుతోనే కూర్చోబెడతాడు. మా ఇళ్ల మీదుగానే విమానాలు దిగుతాయి కాబట్టి, చరణం మధ్యలో విమానం వస్తే అందరం తాళాలు ఆపి, అది దాటిపోయాక ఆపిన చోటినుంచే అందుకోవడం మాకు అలవాటు. (కొత్తగా వచ్చినవాళ్లు ఆ మౌనం కూడా భజనలో భాగమే అనుకుని కళ్లు మూసుకునేవారు.) బాపు చెప్పే మాటల్లో నా మనసుకు బాగా పట్టింది ఒకటుంది. "మన చెయ్యి అందని కాడికి అందేది ఏదైనా సరే, అది దేవుని చెయ్యే బిడ్డా. నాగలైనా అంతే, సూదైనా అంతే. వాడుకునేటప్పుడు ఒక దండం పెట్టు, వాడుకున్నంక ఒక దండం పెట్టు." నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఎంత గట్టిగా అంటే, ఒక దసరాకు అమ్మ కొత్తగా కొనుక్కున్న మిక్సీకి లోపలి బ్లేడు దాకా బొట్లు పెట్టాను. ఆ రోజు కొబ్బరి పచ్చడి ఎర్రగా వచ్చింది. అమ్మ తిట్టింది. బాపు వేలితో రుచి చూసి, "ప్రసాదం అనుకొని తినుర్రి" అన్నాడు.

డిగ్రీ అయ్యాక విమానాశ్రయం దగ్గరి గోదాములో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడొక పొడవాటి రబ్బరు బెల్టు ఉండేది. వ్యానులోంచి దిగిన పెట్టెను ఒక చివర పెడితే, తనంతట తానే నడుచుకుంటూ పోయి, మధ్యలో తూకమై, చీటీ అంటించుకుని, రెండో చివర విమానానికి సిద్ధంగా దిగేది. వడ్ల బస్తాలు మోసి పెరిగినవాణ్ణి కదా, మొదటిరోజు ఆ దృశ్యం చూస్తూ అక్కడే నిలబడిపోయాను. ఏ వీపూ వంగకుండా బరువు నడిచిపోతోంది! ఎక్కడో, ఎప్పుడో, ఎవరో ఒకాయన మోసేవాళ్ల నడుముల గురించి కూర్చుని ఆలోచించి ఉండాలి అనిపించింది. ఆ రోజు నుంచి పొద్దున రాగానే బెల్టుకు దండం పెట్టుకోవడం మొదలుపెట్టాను. దాంతో అక్కడ నా అసలు పేరు పోయి 'స్వామి' అన్న పేరు మిగిలింది.

మా మేనేజరు గారిది కోస్తా వైపు ఊరు. మర్యాదస్తుడు, నిబంధనల మనిషి. మంచినీళ్లు తాగితే ఏ గ్లాసుతో తాగామో రాసిపెట్టమనే రకం. యంత్రాలు చూసే పెద్దాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. పాతబస్తీ మనిషి. మోటారుకు చెవి ఆనించి దాని రోగమేమిటో చెప్పగలిగినవాడు. తన నమాజు వేళ తప్పేవాడు కాదు, నా దండం వేళ తప్పనిచ్చేవాడు కాదు. "స్వామీ, నీ దండం అయ్యిందా? బటన్ ఒత్తనా?" అని అడిగాకే బెల్టు నడిపించేవాడు. ఆ మంచితనానికి నేనెంతో పొంగిపోయేవాణ్ణి. (ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అన్న అనుమానం నాకు పదేళ్ల తరువాత వచ్చింది.)

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. విమానాలకు పండగ సెలవు ఉండదు కాబట్టి గోదాముకూ ఉండదు. మేనేజరు గారు నన్ను పిలిచి, "ఏమయ్యా స్వామీ, పూజ బాధ్యత నీదే. కానీ తొమ్మిదింటికల్లా బెల్టు నడవాలి. కోడిపిల్లలు వస్తున్నాయి, పదకొండింటికి విమానం" అన్నారు. కొత్తూరు వైపు ఒక హేచరీ నుంచి అప్పుడప్పుడూ ఒక్కరోజు వయసు కోడిపిల్లలు గౌహతికి వెళ్లేవి. గుడ్డులోంచి బయటపడిన మర్నాడే విమానం ఎక్కే భాగ్యవంతులు అవి. (మా బాపు ఇప్పటిదాకా ఎక్కలేదు.) వాటికి దారిలో తిండీ నీళ్లూ పెట్టరు. అందుకే ఆ విమానం తప్పితే ఇక అంతే సంగతులు.

నేను తెల్లవారగానే వెళ్లి, బొట్టు రాలిపోకుండా గంధం చిక్కగా అరగదీసి, కుంకుమ కలిపి, పళ్లెం సిద్ధం చేసుకున్నాను. బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. బంతిపూల దండలు కట్టాను. తూకం మిషనుకు, చీటీల మిషనుకు, ఉస్తాద్ పానాల పెట్టెకు బొట్లు పెట్టాను. చివరికి నాకు ప్రాణమైన బెల్టు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. దీనికి బొట్టు ఎక్కడ పెట్టాలి? లారీకి ముఖం ఉంది, మోటారుకు ముందువైపు ఉంది. బెల్టుకు ఎటు చూసినా బెల్టే. అటూ ఇటూ నడిచి వెతికాను. అప్పుడు పక్క ఇనుపపట్టీకి బిగించిన చిన్న నల్లడబ్బా, దాని మధ్యన గుండ్రటి అద్దం, అద్దం వెనక సన్నగా వెలుగుతున్న ఎర్రటి దీపం కనిపించాయి. ఒళ్లు పులకరించింది. దీపం వెలిగే చోటే కదా దేవత ఉండేది! పైగా ఆ అద్దం సరిగ్గా బొట్టు బిళ్లంత ఉంది. నా కోసమే ఖాళీ ఉంచినట్టుంది. ఉంగరపు వేలితో చిక్కటి గంధం కుంకుమ తీసి నిండుగా, అందంగా, అంచులు కూడా కనిపించకుండా పెట్టాను. వెనక్కి జరిగి చూసుకుని, ఇంత చక్కటి బొట్టు జీవితంలో పెట్టలేదనుకున్నాను. అది నిజమే.

హారతి అయింది, గుమ్మడికాయ కొట్టాం, పులిహోర పంచాం. సరిగ్గా తొమ్మిదింటికి కోడిపిల్లల వ్యాను వచ్చింది. దానితో వచ్చిన హేచరీ మనిషిని మేమంతా కోడిపిల్లలన్న అని పిలిచేవాళ్లం. ఆయన వాటిని ఏనాడూ సరుకు అనలేదు. చిల్లులు పెట్టిన ఎనభై అట్టపెట్టెలు దింపించి, ప్రతి పెట్టె మీదా చెయ్యి వేసి, "అయిపాయె బిడ్డా, ఇగ పోదాం" అంటున్నాడు. గోదామంతా కిచకిచలు. ఉస్తాద్ నన్ను చూసి, "బటన్ ఒత్తనా స్వామీ?" అన్నాడు. నేను గంభీరంగా తల ఊపాను. బెల్టు జానెడు జరిగి ఆగిపోయింది.

మళ్లీ ఒత్తారు. మళ్లీ జానెడు. పైన ఎర్రదీపం కుయ్‌కుయ్‌మంటూ తిరుగుతోంది. ఉస్తాద్ మోటారుకు చెవి పెట్టి, "దీనికేం రోగం లేదు సార్, మంచిగున్నది" అన్నాడు. మూత విప్పాడు, నూనె వేశాడు, తీగలు కదిపాడు, కరెంటు ఆపి మళ్లీ వేశాడు. తొమ్మిదిన్నర అయింది. మేనేజరు గారు చేతిగడియారం చూసుకుంటూ తిరుగుతున్నారు. "చేత్తో మోసి తూచేద్దాం సార్" అన్నాను నేను. "ఆ మిషను అంటించిన చీటీ లేకుండా ఒక్క పెట్టె కూడా విమానం దాకా వెళ్లదయ్యా. ఆ నిబంధన నేను పెట్టింది కాదు" అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో మొదటిసారి నిబంధనల మీద విసుగు విన్నాను. కోడిపిల్లలన్న ఒక పెట్టె చిల్లులోంచి లోపలికి చూసి, "నోర్లు తెరుస్తున్నయి సార్. ఉక్కపోస్తున్నది వాటికి. జర తొందర చెయ్యుర్రి, మీకు పుణ్యం ఉంటది" అన్నాడు. ఎనభై పెట్టెల ప్రాణం ఆ బెల్టు మీద వేలాడుతోంది.

ఇంత జరుగుతుంటే నేనేం చేస్తున్నాను? చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, దాచి లాభం లేదు. పూజలో ఏదో లోపం జరిగిందని నాకు నేనే తీర్మానించుకుని, మెల్లగా ఆ నల్లడబ్బా దగ్గరికి పోయి, అమ్మవారి నామాలు చదువుతూ, బొట్టు మీద మరో బొట్టు పెట్టాను. బెల్టు ఈసారి జానెడు కూడా కదల్లేదని ఉస్తాద్ అరిచాడు. నేను మూడోది పెట్టబోతుండగా నా భుజం మీదుగా ఆయన తల వచ్చింది.

"అరే స్వామీ, గిదేంది?"

"బొట్టు."

"అది నాకు కూడా కనబడ్తున్నది. ఎక్కడ పెట్టినవో ఎరుకేనా? బెల్టు కన్ను రా నాయనా అది! ఈ పక్కకెళ్లి వెలుగు పోవాలె, ఆ పక్క డబ్బాల పడాలె. నడుమ పెట్టె అడ్డమొస్తే, పెట్టె ఉన్నదని ఎరుకైతది. నువ్వు కంటికే అడ్డం పెడ్తివి. పొద్దుగాలకెళ్లి దానికి పెద్ద పెట్టె ఒకటి కదలకుంట ముంగట నిలబడ్డట్టే ఉన్నది. ఆ పెట్టెకు టక్కర్ కొట్టొద్దని అది పాపం ఆగుతున్నది!"

నేను మూర్ఖంగా కప్పేసినా, ఆ కన్ను తన పని తాను బుద్ధిగా చేస్తూనే ఉంది. లేని పెట్టెను గుద్దకుండా కాపాడుతోంది! కోడిపిల్లలన్న గుండెల మీద చెయ్యి వేసుకుని, "దొరికింది గద, ఇగ తుడువుర్రి" అన్నాడు. అప్పుడు మొదలైంది అసలు చిక్కు. ఎవరూ కదల్లేదు.

నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేనైతే ముట్ట. పండుగ పూట మీ అమ్మవారి బొట్టు నేను తుడిస్తే మంచిగుంటదా? నువ్వే చెప్పు." మేనేజరు గారి వైపు చూశాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "నన్ను చూస్తావేంటయ్యా? మహానవమి నాడు బొట్టు చెరిపానని తెలిస్తే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. అయినా ఇలాంటి దానికి నిబంధన ఏదీ లేదు." మిగిలింది కోడిపిల్లలన్న. ఆయన గబగబా వేలు చాపి, అద్దం దాకా తెచ్చి, పెట్టెల్లోంచి కిచకిచలు వినపడగానే వెనక్కి లాగేసుకున్నాడు. "నావల్ల కాదన్నా. నాకైతే ఎంత పాపం తగిలినా మోస్త. ఇవి నిన్ననే పుట్టినయి. వాటికి తగిలితే?" పెట్టినవాణ్ణి నేనే కాబట్టి అందరూ నా వైపు తిరిగారు. అమ్మవారి నుదుటి బొట్టు చెరపడమంటే ఎంత అపచారమో చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణి. పది గంటలైంది.

"బాపునడుగుత" అన్నాను. ఎవరూ కాదనలేదు. మేనేజరు గారే తన ఫోను ఇచ్చి, "స్పీకర్లో పెట్టవయ్యా" అన్నారు.

ఫోను ఎత్తగానే భజన వినిపించింది. నేను ఒక్క ఊపిరిలో సంగతంతా చెప్పాను. బాపు, "ఆగు, విమానం వస్తున్నది" అన్నాడు. నలుగురం ఫోను చుట్టూ వంగి, ఊపిరి బిగబట్టి, ఆ విమానం మా ఇల్లు దాటేదాకా నిలబడ్డాం. అంత పెద్ద ఆకాశంలో అంత తీరిగ్గా ఎగిరిన విమానాన్ని నేను మళ్లీ చూడలేదు. అది పోయాక బాపు అడిగాడు.

"ఇప్పుడు చెప్పు. బొట్టు ఏడ పెట్టినవు?"

"కంటికి, బాపూ."

"కంటికి పెడ్తరారా ఎవరన్న? నొసట పెడ్తరు గని. అమ్మవారి కంట్ల కుంకుమ కొట్టి, పైనుంచి ఆమెకు కనబడ్తలేదని నామాలు చదువుతున్నవా? ఇంట్ల మీ అమ్మ కంట్ల కారం పడితే దండం పెట్టుకుంట నిలబడ్తవా, నీళ్లు తెస్తవా?"

"నీళ్లు తెస్త."

"మరి తే. రోజూ దేవునికి పెట్టిన పూలు, గంధం మర్నాడు తీసి కడుగుతలేమా? అది కూడా పూజే. మంచిగ కడిగి, నొసలు ఏడున్నదో చూసి ఆడ పెట్టు. నువ్వు బొట్టు తీస్తలేవురా, జరుపుతున్నవు. ఫోన్ పెట్టు, నా చరణం ఆగిపోయింది."

గోదాములో ఒక్కసారి అందరికీ ఊపిరి వచ్చింది. మేనేజరు గారు, "శాస్త్రం తెలిసినవారు" అని గాలికే నమస్కారం పెట్టారు. నేను పళ్లెంలోని కొబ్బరినీళ్లు తీసుకోబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నాడు. "కొబ్బరినీళ్లు వద్దురా స్వామీ, రేపు కన్నునిండ చీమలుంటయి!" మంచినీళ్ల సీసా తెచ్చి ఆయనే ఇచ్చాడు. మేనేజరు గారు జేబులోంచి తన కళ్లజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డ తీసి ఇచ్చారు. నేను చెప్పులు విడిచి, ఆ అద్దం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "తల్లీ, తెలువక కంట్ల పెట్టిన. మంట పెట్టిన. కడుగుతున్న, కోపం చెయ్యకు. ఆ పిల్లలను పోనియ్యి" అన్నాను. పైకే అన్నాను. అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. గుడ్డ తడిపి తుడిచాను. మూడుసార్లు తుడిస్తే గానీ నా భక్తి వదల్లేదు. అద్దం వెనక ఎర్రదీపం మళ్లీ కనిపించింది. డబ్బా పైఅంచున, అద్దానికి రెండువేళ్ల దూరంలో, పెసరగింజంత బొట్టు పెట్టి లేచాను.

ఉస్తాద్ ఈసారి నన్ను అడగలేదు. "బిస్మిల్లా" అనుకుని బటను ఒత్తాడు. బెల్టు కదిలింది. జానెడు, మూరెడు, బారెడు. ఆగలేదు. మొదటి పెట్టె కిచకిచలాడుతూ నా కళ్లముందు నుంచి సాగిపోయింది. ఒక్కో పెట్టె దాటినప్పుడల్లా ఆ దీపం ఒకసారి కన్ను మూసి తెరిచినట్టయ్యేది. కోడిపిల్లలన్న బెల్టు పక్కనే నడుస్తూ, "పోతున్నయి, నా బిడ్డలు పోతున్నయి" అంటూ ఆ చివర దాకా వెళ్లి, మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చి ఇంకో పెట్టెతో నడిచాడు. ఆఖరి పెట్టె విమానంలోకి ఎక్కిందని కబురు రాగానే ఆయన నేల మీద చతికిలబడి, చల్లారిపోయిన పులిహోర అడిగి తిన్నాడు. సాయంత్రం ఆయనే ఫోను చేసి, అవతల పెట్టెలు విప్పారనీ, పిల్లలన్నీ గింజల మీద పడ్డాయనీ చెప్పాడు.

నాకు శిక్ష తప్పదనుకున్నాను. మేనేజరు గారు లోపాల పుస్తకం తెరిచి, కారణం అన్న గడి దగ్గర కలం ఆపి చాలాసేపు ఆలోచించారు. 'దుమ్ము' అని రాయబోతే, "సార్, అది దుమ్ము కాదు" అని నేనే నోరు జారాను. ఆయన నా వైపు ఒక చూపు చూసి, 'కంటికి అడ్డు. తొలగించడమైనది' అని రాసి సంతకం పెట్టారు. ఆ మాట చాలామందికి సరిపోతుందని తరువాత భజనలో కూర్చున్నప్పుడల్లా నాకు అనిపించేది.

ఆ రోజు ఇంటికి బయలుదేరేముందు ఉస్తాద్‌ను అడిగాను. "ఈ కన్నును కనిపెట్టిందెవరు ఉస్తాద్?" ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఎవరో నాకేం ఎరుక? బిచారా, అన్నీ సోంచాయించి చేసి ఉంటడు. దుమ్ము వస్తే ఏం కావాలె, నీళ్లు పడితే ఏం కావాలె అని. నీలాంటోడు వస్తడని మాత్రం సోంచాయించి ఉండడు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రం భజన చివర హారతి ఇస్తూ బాపు ఎప్పటిలా గురువులను, పెద్దలను తలుచుకున్నాడు. తరువాత ఒక్క క్షణం ఆగి, "ఇంకొక హారతి. ఆ కన్ను చేసిన పెద్దమనిషికి. పేరు తెల్వదు, ఊరు తెల్వదు. దేవునికి ఎరుకే" అన్నాడు. మండలి అంతా గట్టిగా తాళం వేసింది. దేవుడు ఒక మనిషి బుర్రలో ఒక ఆలోచన పెడితే, ఆ మనిషి నిద్ర మానుకుని దాన్ని వస్తువుగా చేస్తే, ఎక్కడో కొత్తూరులో పుట్టిన పిల్లలు ఎక్కడో గౌహతిలో గింజలు తింటాయి. మధ్యలో నాబోటివాడు చెయ్యవలసిందల్లా అడ్డం రాకుండా ఉండడమే. ఈ సంగతి నాకు ఎన్నో ప్రవచనాల్లో వినబడి కూడా అర్థం కాలేదు, ఆ పూట అర్థమైంది.

ఇప్పుడు నేను మరో గోదాములో నలుగురికి పని చెప్పే స్థానంలో ఉన్నాను. ఆయుధపూజ నాడు కొత్తగా చేరినవాళ్లకు ఏ యంత్రానికి ఎక్కడ బొట్టు పెట్టాలో వేలితో చూపిస్తాను. ఒక్క బెల్టూ ఆగదు. మంత్రాలు అప్పటికంటే బాగా వచ్చు, వాటి అర్థాలూ తెలుసు. అయినా ఒక్కోసారి, పూజ మధ్యలో మనసు అటూ ఇటూ పోతున్నప్పుడు, చెప్పులు విడిచి ఇనుపడబ్బా ముందు మోకరించి "పిల్లలను పోనియ్యి" అని బతిమాలుకున్న ఆ పిచ్చివాడు గుర్తుకొస్తాడు. వాడిది చోటు తప్పిన బొట్టే గానీ, వాడు పెట్టిన దండం లాంటి దండం నా చేతులతో మళ్లీ ఒక్కటైనా పెట్టానా అని ఆలోచిస్తాను. పెట్టలేదనే అనుమానం. నవ్వుకుని, పళ్లెం పక్కవాడికిచ్చి, మళ్లీ మొదటి నుంచి చేతులు జోడిస్తాను.